చక్రాల ఇంటి చల్లగాలి దండయాత్ర

ప్రచండమార్తాండుడు నడినెత్తిన కొలువుతీరి, రేకుల షెడ్ల మీద అగ్నిశరపరంపరలు కురిపించి, తారురోడ్డును పాకంలా కరిగించి, వీధికుక్కలను ఆగి ఉన్న లారీల కిందికి తరిమి, పంక్చర్లు వేసేవాడి తొట్టిలోని నీళ్లను సైతం కషాయంలా కాచిన ఒకానొక మండువేసవి మధ్యాహ్నాన, పన్నెండున్నర దాటి ఇంకా ఒంటిగంట కాని ముహూర్తంలో, బళ్లు బాగుచేసే వీధి చివర, వ్యాన్లకు సామాను అమ్మే దుకాణం ముందు ఒక తెల్లని వ్యాను వచ్చి ఆగింది. అందులోనుంచి ఒక వీరుడు దిగాడు. అరికాళ్లు కాలి మళ్లీ ఎక్కాడు. చెప్పులు వేసుకుని మళ్లీ దిగాడు.

ఎవరా వీరుడు? త్రింశద్వర్షనిరంతరసారథ్యధురంధరుడు, ఇరుకుసందులలో మహాబస్సును సూదిలో దారంలా దూర్చిన చతురుడు, స్టాపుకు ఇరవై గజాల అవతల బండి ఆపి ప్రయాణికజనధావనవినోదాన్ని పక్కద్దంలో తిలకించిన రసికుడు, ఏడాది కిందట ఉద్యోగం నుంచి దిగి, చేతులు ఊరుకోక, పాత సామాన్ల వ్యాను ఒకటి కొని, అందులో మంచమూ పొయ్యీ అలమరా బిగించి చక్రాల మీద ఇల్లు కట్టుకున్న డ్రైవరు. మాట తక్కువ మనిషి. హారను మాత్రం గట్టిగా కొడతాడు.

ఆ వీరుని ఇల్లాలు దర్జీ. సూచీముఖశస్త్రధారిణి, కుట్టుయంత్రరథారూఢ, ఊరివాళ్ల నడుముల రహస్యాలన్నీ ఎరిగినది. ఆమెకు ఒకే ఒక్క నియమం. అన్నం తిన్నాక రెండు గంటలు నిద్రపోవాలి. భూకంపం వచ్చినా అది తరవాత చూసుకోవలసిందే. గత వేసవిలో తొలి ప్రయాణాన, చెట్టు అనేది లేని ఒక మైదానంలో వ్యాను ఆపినప్పుడు, ఆ మంచం పెనమైంది, ఆమె రొట్టె అయింది. అటు తిప్పి కాల్చుకుంది, ఇటు తిప్పి కాల్చుకుంది. నిద్ర మాత్రం పట్టలేదు. ఆనాటి ఉడుకు ఏడాదిపాటు కడుపులో దాచుకుని, ఈ వేసవి ప్రయాణానికి ఒక్కరోజు మిగిలి ఉండగా, ఆ ఉదయమే మిషను ఆపి, కత్తెర కింద పెట్టి, ఘోరశపథం చేసింది.

"చూడండీ, ఆ డబ్బాలో చల్లగాలి ఉంటే వస్తా. లేకపోతే రాను. పెద్దక్క రమ్మంటోంది, రెండు నెలలూ వాళ్లింట్లోనే ఉంటా. మీరూ మీ స్టీరింగూ ఊరేగండి."

"బండి నడిచేటప్పుడు గాలి వస్తుందిగా?" అన్నాడు డ్రైవరు.

"నేను పడుకునేది బండి ఆగినప్పుడు. మీరు తోలుతుంటే ఎవరికైనా నిద్ర పడుతుందా? సాయంత్రం ఐదింటికి అక్కకి ఫోను చేస్తా. వస్తున్నాననైనా చెబుతా, రాననైనా చెబుతా. ఈలోపు ఏం చేసుకుంటారో మీ ఇష్టం."

డ్రైవరు గుండెలో క్లచ్చు జారింది. ముప్పై ఏళ్లు వెనకాల నూరుమందిని వేసుకుని ఎన్నో ఊళ్లు తిరిగాడు. ఆ ఊళ్లన్నీ ఆమెకు బస్సు నుదుటి బోర్డు మీద అక్షరాలుగానే తెలుసు. ఆమె పక్కన లేకుండా మళ్లీ ఆ దారులే తిరిగితే అది డ్యూటీ అవుతుంది. ప్రయాణం కాదు.

కాబట్టి యుద్ధం తప్పలేదు.

తక్షణమే సమరసన్నాహం మొదలైంది. వ్యాను నడికప్పు మీద ఒక నలుచదరపు కంత ఉంది. పాత యజమాని అక్కడ వేడిని బయటికి లాగే గాలిమర పెట్టుకుని, పోతూ పోతూ దాన్ని ఊడబీక్కుని, ప్లాస్టిక్కు మూత వేసి పోయాడు. ఏ శీతలయంత్రం కప్పెక్కినా ఆ కంతలోనే కూర్చోవాలి. వీరుడు ఇల్లాలిని అడగకుండా మిషను సొరుగులోనుంచి ఆమె టేపు తీసుకుని, నిచ్చెనారోహణం చేసి, మోకాళ్లు కాలుతుండగా కంతకు అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి కొలిచాడు. టేపు కొసను ఈ అంచుకు ఆనించి, ఆ అంచు దగ్గర అంకె చూశాడు. పదహారు. అడ్డం పదహారు, నిలువు పదహారు. టేపును మడిచి విజయపతాకలా జేబులో పెట్టుకుని, తోడుగా బావమరిదిని ఎక్కించుకుని దుకాణానికి కదిలాడు.

ఆ బావమరిది ఎలక్ట్రీషియను. విద్యుల్లతాబంధనదక్షుడు, షాకు కొట్టినా నవ్వేవాడు. చెవి మీద పెన్సిలు, జేబులో టెస్టరు. కొట్టులో అడుగు పెట్టగానే, రెండు ఫ్యాన్ల మధ్య కూర్చున్న దుకాణదారుడు లేచి నిలబడి, శత్రుసైన్యంలా వరుసదీరి ఉన్న యంత్రాలను చేయి చాపి చూపించాడు.

"మూడు రకాలున్నాయి సార్. మూడూ బ్యాటరీ మీదే నడుస్తాయి. ఇంజను ఆపేసి హాయిగా పడుకోవచ్చు. ఒకటి కప్పు మీద కూర్చునేది. ఒకటి బల్ల కింద దాక్కునేది. ఇంకోటి మోసుకుపోయేది."

మొదట బల్ల కింది యోధుడు ముందుకొచ్చాడు. నల్లనివాడు, పొట్టివాడు, గుడ్డిమూతివాడు. డ్రైవరు వాడి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి అడిగాడు.

"ఎంత చోటు తింటుంది?"

"బల్ల కింద మొత్తం సార్."

"అక్కడ మా ఆవిడ మిషను ఉంటుంది."

"బండిలో మిషనెందుకు సార్?"

"నువ్వెళ్లి అడుగు" అన్నాడు డ్రైవరు. దుకాణదారుడు అడగదలచుకోలేదు. తొలి యోధుడు ఆ విధంగా నేలకూలాడు.

రెండోవాడు మోసుకుపోయేవాడు. చక్రాలున్నాయి, పిడి ఉంది, తొండంలాంటి గొట్టం ఉంది. ఆ గొట్టం మూతిని కిటికీలోనుంచి బయట పెడితే లోపలి వేడి బయటికి పోతుంది, లోపల వాడు చల్లగా ఊదుతాడు. బావమరిది మీట నొక్కాడు. కల్పాంతమేఘగంభీరగర్జన పుట్టి, గోడకున్న క్యాలెండరు ఎగిరి, దుకాణదారుడి నోటి మాటలు పెదవుల దగ్గరే ఆగిపోయాయి.

"బావా, అక్క దీని పక్కన నిద్రపోతుందంటావా?" అని అరిచాడు బావమరిది.

"నా గురక పక్కన పోవట్లా?"

"నీ గురకకి స్విచ్చి లేదు కాబట్టి భరిస్తోంది. దీనికి ఉంది. రెండో నిమిషంలో కట్టేస్తుంది."

రెండోవాడు కూడా ఓడాడు.

ఇక మిగిలినవాడు కప్పు మీద కూర్చునేవాడు. తెల్లనివాడు, పల్చనివాడు, తాబేటి వీపువాడు. మీట నొక్కితే ముసలి పిల్లి నిద్రలో మూలిగినంత చప్పుడు. ముఖం దగ్గర చేయి పెడితే మంచుగాలి. ఆ గాలి సోకగానే డ్రైవరు కనుబొమలు సడలాయి. ముప్పై ఏళ్లలో ఏ ఇన్‌స్పెక్టరూ ఆ కనుబొమలను సడలించలేదు.

"దీనికి కంత ఎంత ఉండాలి?"

"పద్నాలుగంగుళాలు సార్. అడ్డం పద్నాలుగు, నిలువు పద్నాలుగు."

"నాది పదహారు."

"ఉండదు సార్. గాలిమర కంతంటే పద్నాలుగే ఉంటుంది. అందరిదీ అంతే."

"నాది పదహారు."

"ఓసారి మా ఇనప టేపుతో..."

అప్పుడు ఆ మితభాషి మహోగ్రుడయ్యాడు. వక్షఃస్థలం పొంగింది, చొక్కా గుండీ ఒకటి తెగి బల్ల కింది యోధుడికి తగిలింది. ఏడాదిగా దాచుకున్న మాటలన్నీ ఒక్క పెట్టున బయటికి దూకాయి.

"ఓయీ శీతలవాయువిక్రేతా! ఏమంటివి? కొలిచినదానిని మరల కొలుచుటయా? అటు అంగుళము, ఇటు అంగుళము మాత్రమే సందున్న వంతెన మీద, అరవైమంది కూర్చుని నలభైమంది వేలాడుచుండగా, గీత పడకుండ మహాబస్సును దాటించిన నేత్రములివి! ఈ నేత్రములు పదహారని చూచినచో అది పదహారే! పద్నాలుగు నీవు పెట్టుదువు, చుట్టును అంగుళము సందు మిగులును, తొలివానకే నా ఇల్లాలి మొగమున జలధార పడును, ఆమె లేచును. ఆమె లేచిన పిదప జరుగునది నీకు తెలియదు, నాకు తెలియును!"

దుకాణంలో ఫ్యాన్లు తిరిగాయి.

"బావా, నేను పైకెక్కి చూసొస్తా, తప్పేముంది?" అన్నాడు బావమరిది.

"అంటే నా మాట మీద నమ్మకం లేదన్నమాట."

"అది కాదు బావా..."

డ్రైవరు బయటికి నడిచి, వ్యాను వెనక బిగించిన నిచ్చెన మొదటి మెట్టు మీద కూర్చున్నాడు. ఇక ఎవరూ పైకెక్కడానికి వీల్లేదు. అభిమానదుర్గం తలుపులు మూసుకుంది. దుకాణదారుడు నలుగురు వ్యాపారులకు ఫోను చేసి పదహారంగుళాల యంత్రం ఉందా అని అడిగాడు. ముగ్గురు లేదన్నారు, ఒకాయన నవ్వాడు. రెండు గంటలైంది. రెండున్నర అయింది. వీరుని నెత్తి మీద ఎండ, కింద కాలుతున్న నిచ్చెన, ఎదురుగా ఐదు గంటల గడువు. పెద్దక్క ఇంట్లో ఏసీ ఉంది. ఆ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు గానీ, పొద్దుటినుంచీ అతణ్ణి పొడుస్తున్నది ఆ ఆలోచనే.

అప్పుడు వీధి మొగలో ఒక నల్లగొడుగు కనిపించింది. గొడుగు కింద ఇల్లాలు. నిద్రకు భంగం కలిగిన నడక అది. దూరం నుంచే తెలుస్తుంది.

"నా టేపు ఎవరు తీశారు?"

డ్రైవరు జేబు మీద చేయి వేసుకున్నాడు.

"మీరేనా! పక్కింటి మాస్టారి ప్యాంటు నడుము దగ్గర ఆగిపోయింది. రేపు మనం బయల్దేరితే ఆయన దేంతో తిరుగుతాడు, తువ్వాలుతోనా? దాన్నెందుకు తెచ్చారు?"

"కంత కొలవడానికి."

"ఎంతొచ్చింది?"

"పదహారు."

"అయితే పద్నాలుగు" అంది ఇల్లాలు, గొడుగు ముడుస్తూ.

దుకాణదారుడు కుర్చీలోనుంచి లేచాడు. బావమరిది చెవి మీది పెన్సిలు కింద పడింది. డ్రైవరు టేపును తీసి, విప్పి, జీవితంలో మొదటిసారి దాని మొదలు వైపు చూశాడు. అక్కడ ఒకటి లేదు. ఒకటి ఉండవలసిన చోటే లేదు. టేపు రెండుతో మొదలైంది.

"కొసన రేకు ఊడిపోయి పీచు లేచిందని రెండు దగ్గర కత్తిరించేశా. ఎన్నేళ్లయిందో! వచ్చినదాంట్లోంచి రెండు తీసేస్తే సరి" అంది ఇల్లాలు.

"కొత్తది కొనుక్కోవచ్చుగా?"

"ఇది చేతికి అలవాటు. మీ చొక్కాలన్నీ దీంతోనే కుట్టా. ఒక్కటైనా బిగిసిందా?" అని, ఊడిన గుండీ చోటు చూసి, "అది కొలత తప్పు కాదు, పొట్ట తప్పు" అంది.

ఇనప టేపు పైకెక్కింది. బావమరిది పైనుంచి కేక వేశాడు: "పద్నాలుగు బావా! గీసినట్టు పద్నాలుగు!" డ్రైవరు ఆకాశం వైపు చూశాడు. దుకాణదారుడు పెద్దమనిషి, నేల వైపు చూశాడు.

అయితే మహాసమరంలో ఇంకొక ఘట్టం మిగిలే ఉంది. బావమరిది కాగితం తీసి లెక్క కట్టాడు.

"వ్యానులో ఉన్న లిథియం బ్యాటరీ ఒక్కటే బావా. దాంతో ఇది రెండున్నర గంటలు నడుస్తుంది. రాత్రంతా కావాలంటే అలాంటివి ఇంకో మూడు పెట్టాలి. వెనక చక్రాలు కూచుంటాయి."

"పెట్టేద్దాం" అన్నాడు డ్రైవరు. అప్పటికే ఒకసారి ఓడినవాడు, ఇక దేనికైనా సిద్ధం.

"ఆగండి. రాత్రి కిటికీ తీస్తే చాలు, చల్లగానే ఉంటుంది. నేను పడుకునేది మధ్యాహ్నం రెండు గంటలు. మిగిలిన అరగంట లేవాలా వద్దా అని ఆలోచించుకోవడానికి. ఉన్నదే చాలు" అంది ఇల్లాలు.

సర్వసేనాధిపతి ఆజ్ఞ అయింది. కప్పు మీద యంత్రం కంతలోకి దిగింది. అంగుళం అటు కాలేదు, ఇటు కాలేదు. కింద మరలు బిగిశాయి, అంచుకు రబ్బరు బిగిసింది, బ్యాటరీకి లావుపాటి తీగలు బిగిశాయి. బావమరిది చెమట తుడుచుకుని మీట నొక్కాడు. ముసలి పిల్లి మూలిగింది. ఇల్లాలు లోపలికెక్కి తలుపు వేసుకుంది.

నాలుగు గంటల పది నిమిషాలు. వీరుడు బయట ఎండలో నిలబడ్డాడు. బావమరిది టీ తాగుదాం రమ్మన్నాడు, వెళ్లలేదు. దుకాణదారుడు కుర్చీ పంపాడు, కూర్చోలేదు. డిపోలో ఉద్యోగం కోసం మొదటిసారి బస్సు తోలి చూపించిన రోజున కూడా అతను ఇలా నిలబడలేదు. నాలుగున్నర అయింది. లోపలినుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. నచ్చలేదేమో! నచ్చకపోతే ఈపాటికి తలుపు తన్నేది. నచ్చితే మాత్రం ఒక మాట చెప్పవద్దూ! ఐదు కావడానికి ఐదు నిమిషాలుండగా వ్యాను లోపల ఫోను నొక్కిన చప్పుడైంది. వీరుడు చెవిని తలుపు రేకుకు ఆనించాడు. చెవి కాలింది. తీయలేదు.

"అక్కా... ఆ, నేనే... లేదు, ఇప్పుడే లేచా... రానులే అక్కా ఈసారి... ఆ, పెట్టించారు... పర్లేదు, బానే ఉంది. మరీ నువ్వు చెప్పినంత కాదులే..."

తరవాత తలుపు బెత్తెడు తెరుచుకుంది. ఆ సందులోనుంచి మంచుగాలి వచ్చి వీరుని ముఖాన తగిలింది. గాలి వెనకాల నిద్రమొహం, చెదిరిన జుట్టు, చెంప మీద దిండు ముద్ర.

"ఏమండీ, కాళ్లకి చలేస్తోంది. కప్పుకోడానికి ఏమైనా ఉందా?"

జయజయధ్వానాలు మోగలేదు. దేవతలు పూలు కురిపించలేదు. పక్క షెడ్డులో ఎవరో టైరును సుత్తితో కొడుతున్నారు. అయినా సకలజనులూ తెలుసుకొందురు గాక! నలభై డిగ్రీల ఎండలో, నిప్పుల వీధిలో, త్రింశద్వర్షసారథ్యధురంధరుడైన ఆ మహావీరుడు చెమటతో తడిసి ముద్దయి ఒంటికి అతుక్కున్న చొక్కాను విప్పి, గట్టిగా పిండి, ఒకసారి దులిపి, తలుపు సందులోనుంచి లోపలికి అందించాడు.

"తడిగా ఉంది" అంది ఇల్లాలు.

"ఆరుతుంది" అన్నాడు డ్రైవరు.