ఇన్‌స్టలేషన్‌కు కావలసింది మర్యాద

కంప్యూటర్లో ప్రోగ్రాం ఎలా ఎక్కించుకోవాలో చెప్పే సూచనలు ఎవరికీ అర్థం కాకూడదు. అర్థమయ్యేలా రాసినవాణ్ణి ధవళేశ్వరం ఆనకట్ట మీద మిట్టమధ్యాహ్నం నిలబెట్టాలి!

కోపగించుకోకండి. ముందు వినండి.

బటన్ నొక్కితే వచ్చి కూర్చునే ప్రోగ్రాముల సంగతి నేను మాట్లాడటం లేదు. యూనిక్స్ వంశపు మెషీన్లున్నాయే, లినక్స్ వగైరా, వాటికి ఉచితంగా దొరికే ప్రోగ్రాములు కొన్ని సోర్సు కోడుగానే వస్తాయి. అంటే కాజా పెట్టకుండా పిండీ పంచదారా చేతికిచ్చి, "వేయించుకు తినండి" అనడమన్నమాట. బిల్డ్ చేసుకోవలసింది, అంటే వండుకోవలసింది, మనమే. ఏ ఆదేశం తర్వాత ఏది టైపు కొట్టాలో చెప్పడానికి సూచనల ఫైలొకటి ఉంటుంది. "కావలసినవి పెట్టుకోండి. ఫైలు విప్పండి. కాన్ఫిగర్ కొట్టండి. మేక్ కొట్టండి. మేక్ ఇన్‌స్టాల్ కొట్టండి. అంతే."

ఆ "అంతే"లో ఎంత అందముంది! కావలసినవేమిటో చెప్పేస్తే మనిషికి ఇక అన్వేషణ ఏముంటుంది?

జంగారెడ్డిగూడెంలో ఒకాయన పామాయిల్ మొక్కలు నాటిన రోజున కావలసినవి వెతకడం మొదలుపెట్టాడు. ఒక లైబ్రరీ (పుస్తకాలది కాదు, ప్రోగ్రాముకు ఊతమిచ్చే కోడు) దొరికితే అది ఇంకో లైబ్రరీ కావాలంది. ఆ ఇంకోటి, "నాకు పాత వెర్షనే కావాలి, అలాగని మరీ పాతది పనికిరాదు" అని పెళ్లికూతురి మేనత్తలా మెలిక పెట్టింది. మూడేళ్లకు గెలలు కోతకొచ్చేసరికి ఆయన ఇంకా కాన్ఫిగర్ దగ్గరే ఉన్నాడు. ఈలోగా పేకాట మానేశాడు. పెళ్లాంతో గొడవలు లేవు. తలెత్తితే కదా! ఇది దీవెన కాదూ?

అన్నిటికీ మించి, అర్థంకాని సూచనలు మన గోదావరి మర్యాదను కాపాడుతున్నాయి. కావాలంటే నరసాపురం పావని సంగతి చూడండి.

పావని లేసు అల్లే ఆడవాళ్ల సంఘాన్ని నడుపుతోంది. కాలేజీ వాళ్లెవరో లినక్స్ వేసిన పాత కంప్యూటరొకటి సంఘానికిచ్చారు. రాజమహేంద్రవరంలో లెక్చరర్ శశిభూషణ్ గారు లేసు డిజైన్లను గళ్ల మీద గీసి ప్రింటు తీసే ప్రోగ్రాం తయారుచేసి పుణ్యానికి పంచుతున్నారు. దాని సూచనలంటే ఆయనకు ప్రాణం. కనబడినవాళ్లనల్లా "ఎలా ఉందండి?" అని అడుగుతారు. అందరూ "ఆయ్, బ్రహ్మాండంగా ఎక్కిందండి" అంటారు.

అయినా మెరుగుపరచడం మానలేదాయన! ఒకసారి "కొట్టండి" తీసేసి "దయచేసి కొట్టగలరు" అని పెట్టారు. ఇంకోసారి పైన వినాయకుడి శ్లోకం చేర్చారు. ఆ తర్వాత చివర్లో, వాడేవారి కుటుంబ క్షేమం కూడా అడిగారు. సూచనలు ఇంతకన్నా మెరుగు కావడం మానవమాత్రుడికి సాధ్యమా?

ఒకరోజు పావని ఆయన్నడిగి ఆ ప్రోగ్రాం తెప్పించుకుంది. ఎగుమతి వ్యాపారి రాజేంద్ర గారు సాయంత్రం రైలుకు వెళ్లిపోతారు. ఆలోగా టేబుల్ క్లాత్ డిజైను ప్రింటు తీసి మెప్పిస్తే సంఘంలో అందరికీ ఏడాది పొడుగునా చేతినిండా పని. లేదంటే ఆర్డరు ఇంకో ఊరి పాలు. చేత్తో గీసింది ఆయన ఒప్పుకోరు. అల్లేవాళ్లున్న పల్లెపల్లెకూ డిజైను ఒకే కొలతతో పంచాలి మరి.

పావని శ్లోకం చదివింది. కావలసినవన్నీ కాలేజీవాళ్లే వేసి పెట్టారు కాబట్టి నేరుగా ఫైలు విప్పింది. కాన్ఫిగర్ కొట్టింది. "అలాంటి ఫైలు లేదు" అంది మెషీను. దయచేసి మళ్లీ కొట్టింది. మళ్లీ లేదంది. సరిగ్గా అప్పుడే శశిభూషణ్ గారు ఫోను చేశారు.

"ఏమ్మా పావని గారూ, ఎక్కిందాండి?"

"ఆయ్, ఎక్కిందండి! మీరు రాశాక ఎక్కకపోవడమేంటండి?"

పక్కనే లేసు అల్లుకుంటున్న అత్తగారు అప్పాయమ్మ సూది ఆపింది.

"అదేంటే, లేదు లేదంటోందిగా అది?"

పావని ఫోనుకు చెయ్యడ్డం పెట్టింది. "ఊరుకోండి అత్తయ్యా! అంత పెద్దాయన నోరారా అడిగితే ఎక్కలేదని ఎలా చెప్తాం? బాధపడరూ?"

"రైలెళ్లిపోతే ఎవరు బాధపడతారే? ఇలా తే!" అని అప్పాయమ్మ ఫోను లాక్కుంది. "బాబూ! ఎక్కలేదు!"

ఆ ప్రోగ్రాం పుట్టాక ఆ మాటన్న మొదటి మనిషి ఈవిడే!

శశిభూషణ్ గారు తన సూచనలు తెరిచి చూసుకున్నారు. "ఫైలు విప్పితే ఓ ఫోల్డరు వస్తుందమ్మా. దాని లోపలికి వెళ్లి కొట్టారాండి?"

"వెళ్లమని రాశారా?"

"...లేదమ్మా. అది అందరికీ తెలుసనుకున్నాను."

"పిలవకుండా ఎవరింట్లోకైనా ఎలా దూరతాం బాబూ? మా కోడలు పొద్దుట్నించీ అరుగు మీదే నిలబడి కేకలేస్తోంది!"

"మరి ఇన్నాళ్లూ అందరూ ఎక్కిందన్నారేంటండి?"

"వాళ్లకి మొహమాటం. మాకు ఆర్డరు కావాలి."

పావని ఫోల్డరు లోపలికి వెళ్లింది. కాన్ఫిగర్, మేక్, మేక్ ఇన్‌స్టాల్. ఎక్కింది! అప్పటికప్పుడు డిజైను గీసి, ప్రింటు ఆరకముందే పట్టుకుని స్టేషనుకు పరుగెత్తింది.

రాజేంద్ర గారు కాగితం అటు తిప్పారు, ఇటు తిప్పారు. "చాలా బాగుందమ్మా. ఇంటికెళ్లి ఫోన్ చేస్తానండి" అన్నారు.

మామూలు రోజైతే పావని దణ్ణం పెట్టి వచ్చేసేదే. ఆ ఫోను ఈ జన్మకు రాదని ఇద్దరికీ తెలుసు. కానీ అత్తగారి గాలి సోకింది కదా!

"బాగుంటే ఇప్పుడే ఒప్పుకోండి. లేకపోతే ఏం బాగోలేదో చెప్పండి" అంది.

రాజేంద్ర గారు ఉలిక్కిపడ్డారు. రైలు వంక చూశారు, కాగితం వంక చూశారు. "అంచు మరీ బరువైపోయిందండి. మధ్య పువ్వుని మింగేస్తోంది" అన్నారు చివరికి. అని ఎంత తేలికపడ్డారో! సంచీ దింపి, "సన్నం చేసి పంపండి. మిగతాదంతా ఖాయం" అన్నారు.

చూశారా ఎంత అనర్థమో! ఒక్క ముసలావిడ "ఎక్కలేదు" అన్న పాపానికి సూచనలు బాగుపడ్డాయి, డిజైను బాగుపడింది, సంఘానికి పని దొరికింది. మర్యాద మాత్రం గంగలో కలిసింది. శశిభూషణ్ గారైతే శ్లోకం తీసేసి, ఫైలు విప్పమన్న మాట కింద "ఫోల్డరు లోపలికి వెళ్లండి" అని రాసేశారు. ఎంత మోటు!

ఈ రోగం ముదరనివ్వకండి. రేపు మీ వీధిలో కొత్త కాలువ తవ్వి, నీళ్లు ఎటూ పోకుండా నిలబడిపోతే, ఇంజనీరు గారొచ్చి "ఎలా ఉందండి?" అని నవ్వుతూ అడుగుతారు. పంచె మోకాళ్ల పైకి ఎగ్గట్టుకుని, ఆ నీళ్లలోనే నిలబడి, అందరం ఒక్క గొంతుతో అందాం:

"ఆయ్, చాలా బాగుందండి!"