మూడు చేతుల నూనె

ఆ రోజు కురవి రోడ్డు మీద వంటా వార్పు. సకల జనుల సమ్మె జోరు మీదుంది. మానుకోట మొత్తం గిన్నెలు, గరిటెలు పట్టుకుని రోడ్డెక్కడానికి తయారవుతోంది. ఇనుప సామాన్ల వ్యాపారి లక్ష్మీకాంత్ మాత్రం పొద్దున్నే లేచి, దుకాణంలోకి కొత్తగా వచ్చిన గడ్డి కోసే మిషన్ ముందు కూర్చున్నాడు. వానలకు మోకాలెత్తు పెరిగిన రోడ్డు పక్క గడ్డిని కోసి, టెంటుకు జాగా చేసిస్తానని మాటిచ్చాడు మరి.

దానికి కారణం ఉంది. పోయిన బంద్ నాడు సగం దించిన షట్టర్ కింద నుంచి మేకులు అమ్ముతూ దొరికిపోయాడు పాపం. అప్పటి నుంచి ఊరంతా ఆయన్ను "సగం షట్టర్ సేటు" అంటోంది. ఆ పేరు పోవాలి, మైకులో తన పేరు గౌరవంగా వినిపించాలి. అంతకు మించి ఆయనకు ఈ లోకంలో ఏ కోరికా లేదు.

ఆ మిషన్‌ది ఫోర్ స్ట్రోక్ ఇంజన్. నూనె వేరే, పెట్రోలు వేరే పోయాలి. లక్ష్మీకాంత్ గీత దాకా నూనె పోసి స్నానానికి వెళ్లాడు. ఆయన భార్య అహల్య మిషన్‌కు పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయ కట్టింది. నూనె లేకుంటే ఇంజన్ పట్టేస్తుందని భర్త అన్న మాట గుర్తొచ్చి, మూత దాకా పోసింది. కొత్త మిషన్‌ను పస్తు పెట్టడం ఆవిడకు ఇష్టం లేదు. తండా నుంచి సాయానికి వచ్చిన మోతీలాల్, పత్తికి మందు కొట్టే తన మిషన్‌కు చేసినట్టే, పెట్రోల్లో ఇంకొంత నూనె కలిపాడు. ముగ్గురిదీ ప్రేమే, ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

టెంటు దగ్గర లక్ష్మీకాంత్ బెల్టు భుజాన వేసుకుని తాడు లాగాడు. మిషన్ దగ్గింది, గురగురలాడింది, ఆ తర్వాత తెల్లటి పొగ కక్కడం మొదలుపెట్టింది. పొయ్యిలు, గిన్నెలు, మనుషులు ఏవీ కనిపించలేదు.

"సేటూ, బంద్ జెయ్యి!" అని దగ్గుతూ అరిచాడు మోతీలాల్.

"బటన్ కనవడ్తలేదు మోతీ!"

దూరాన ఉన్న పోలీసులు టైర్లు కాలుస్తున్నారనుకుని ఉరికొచ్చారు. పొగలో చేతికి దొరికిన మనిషిని మిషన్‌తో సహా జీపెక్కించారు.

"సార్, గడ్డి కోస్తున్న సార్!" అని మొత్తుకున్నాడు లక్ష్మీకాంత్.

"గడ్డేది? అంతా పొగే ఉంది గదా!" అన్నాడు ఎస్సై.

జీపు కదులుతుంటే మైకు మోగింది. "లక్ష్మీకాంత్ అన్నను ఎంటనే ఇడిచిపెట్టాలె!" ఆయనకు ఆనందంతో కళ్లు నిండాయి.

స్టేషన్లో ఎస్సై మూత విప్పి, బావిలా నిండిన నూనె చూసి బిత్తరపోయాడు. "గిదేంది, నూనె బాయా?" ఎక్కువైన నూనె వంపించి, పెట్రోలు మార్పించి, ప్లగ్గు తుడిపించాడు. తాడు లాగగానే మిషన్ హాయిగా పాడింది. ఎస్సై ఆవరణలోని పిచ్చిగడ్డి వైపు చూసి, "జర గిది కోసి చూపెట్టు" అన్నాడు. లక్ష్మీకాంత్ అన్నీ మరిచి, సంబరంగా కోసుకుంటూ పోయాడు.

అంతలో జనం గేటు దగ్గరికి వచ్చారు. ముందు అహల్య, చేతిలో గరిటె.

"మా అన్నతోని వెట్టి చేపిస్తున్నరా!" అని ఎవరో కేకేశారు. నినాదాలు మిన్నంటాయి. ఎస్సై కంగారుపడి ఆయన్ను అప్పటికప్పుడే వదిలేశాడు. కాదని చెప్పబోయిన లక్ష్మీకాంత్ మెడలో దండ పడింది.

"మిషన్ పట్టెయ్యలే గదా?" అని అహల్య చెవిలో అడిగింది. "మీరు మర్సిపోయిండ్రేమోనని నేను నిండ పోసిన."

"నేను గూడ కలిపిన సేటూ" అన్నాడు మోతీలాల్ గర్వంగా.

లక్ష్మీకాంత్ ఇద్దరినీ చూసి, దండ సర్దుకుని, "మంచిగ జేసిండ్రు" అన్నాడు.

టెంటు దగ్గర గడ్డి మాత్రం మోకాలెత్తున అట్లాగే ఉంది.