ఇరవై ఆరు పౌండ్ల బిగువులో కుటుంబ శాంతి

ఓడిపోవడంలో మనిషి తప్పేమీ లేదు. ఉంటే గింటే, అతని రాకెట్‌కి కట్టిన స్ట్రింగ్‌దే!

ఈ మహాసత్యాన్ని మన తరానికి అందించినవాళ్లు బ్యాడ్మింటన్ స్ట్రింగ్‌ల తయారీదారులు. అయినా వాళ్లకి ఇంతవరకూ ఎవరూ కనీసం చప్పట్లయినా కొట్టలేదు. ఆ లోటు నేను తీరుస్తాను.

వెనకటి రోజులు గుర్తున్నాయా? దుకాణంలో ఒకటే రకం ఉండేది. తెల్లటిది. "ఏది వేయమంటారు?" అని అడిగే నాథుడే లేడు. ఓడి ఇంటికొస్తే, ఓడింది మనమే. ఎంత అనాగరికం!

ఇప్పుడో? మా వీధి చివర, రాకెట్లకి స్ట్రింగ్‌లు కట్టే గట్టింగ్ దుకాణంలో గోడ నిండా నలభై ఒక్క రకాలు వేలాడుతున్నాయి. సన్నటిది కట్టిస్తే క్రిస్ప్ ఫీల్. లావుది కట్టిస్తే మన్నిక. బిగువు పెంచితే షటిల్ కాక్ తగిలినప్పుడు 'టంగ్' మంటుంది. తగ్గిస్తే పవర్ వస్తుంది. టంగూ కావాలి, పవరూ కావాలి అంటే? అక్కడే మనిషికీ జంతువుకీ తేడా మొదలవుతుంది!

నేను అక్కడే మొదలయ్యాను. ఏడు నెలల్లో తొమ్మిది రకాలు మార్చాను. 0.65 మిల్లీమీటర్ల స్ట్రింగ్‌కీ 0.61కీ మధ్య తేడా ఇప్పుడు నా మణికట్టుకి తెలుస్తుంది. ఆ మాటే ఇంట్లో చెప్పాను.

"కాఫీలో పంచదార వేయలేదని కప్పు ఖాళీ అయ్యాక చెప్పే మనిషివి. నీకు మిల్లీమీటర్లో పాతికో వంతు తెలుస్తోందా?" అంది మా ఆవిడ.

సైన్సుకి ఇంటిపోరు ఎప్పుడూ ఉన్నదే.

నా డబుల్స్ జోడీ ఆవిడ తమ్ముడే. పదకొండేళ్లుగా ప్రతి ఆదివారం ఇద్దరం కలిసి ఆడుతున్నాం. ఎక్కువగా కిందింటి అత్తాకోడళ్ల చేతిలో ఓడుతున్నాం. కోర్టు బయట వాళ్లిద్దరికీ క్షణం పడదు. కోర్టులోకొస్తే నాలుగు చేతుల మనిషి! అత్తగారికి అరవై రెండేళ్లు. రాకెట్‌లో ఒక స్ట్రింగ్ తెగితే ముడేసి ఆడుతోంది. "మార్పిద్దాం అత్తయ్యా" అని కోడలంటే, "కొట్టేది చెయ్యి కదమ్మా" అందట. ఇలాంటివాళ్ల వల్లే కాదూ దేశాలు వెనకబడేది?

ఒకప్పుడు ఓడిన ఆదివారం కారులో యుద్ధం జరిగేది. "ఆ కాక్ నీదిరా!" అని నేను. "నాదేంటి బావా, నీ ముక్కు మీంచి పోతే!" అని వాడు. రెండేసి వారాలు మాటలుండేవి కావు. మధ్యలో మా ఆవిడ నలిగేది.

ఏడు నెలల కిందట ఒక ఆదివారం కారెక్కగానే మా బావమరిది అన్నాడు, "నీ తప్పేం లేదు బావా. నీ రాకెట్ స్ట్రింగ్ బిగువు ఇరవై నాలుగు పౌండ్లే. ఇరవై ఆరుంటే ఆ స్మాష్ లోపలే పడేది."

అంతే! ఇంట్లో శాంతి వెల్లివిరిసింది. చెప్పండి, ఏ పెద్దమనుషుల పంచాయితీ ఇంత త్వరగా కాపురాలు నిలబెట్టింది?

సరిగ్గా ఇక్కడే విలన్ ప్రవేశించాడు. పళ్ల డాక్టరు. ఆరడుగులు, ఎడమచేతి వాటం. పోయిన ఆదివారం మా బావమరిది భుజం మీద చెయ్యేసి, "ఇకనుంచి నాతో ఆడకూడదూ?" అన్నాడు. నేను బెంచీ మీద బూట్ల లేసులు విప్పుకుంటూ విన్నాను. మావాడు ఠక్కున కాదంటాడనుకున్నాను.

"వచ్చే ఆదివారం చెప్తా డాక్టర్ గారూ" అన్నాడు.

అంటే నాకు ఆరు రోజుల గడువు. ఆ ఆదివారం గెలవాలి, లేదా పదకొండేళ్ల జోడీ పోతుంది. మామూలు మనిషైతే ఏం చేసేవాడు? రోజూ పొద్దున్నే వెళ్లి ప్రాక్టీసు చేసేవాడు. అమాయకుడు!

నేను బుధవారం సాయంత్రం ఇద్దరి రాకెట్లూ పట్టుకుని దుకాణానికి వెళ్లాను.

"మాస్టారూ, ప్రాణం మీదికొచ్చింది. క్రిస్ప్‌గా ఉండాలి, పవరూ ఉండాలి" అన్నాను.

గట్టింగ్ మాస్టారు కళ్లజోడు పెట్టుకున్నాడు. రెండు రాకెట్లనీ పక్కపక్కనే దీపం కింద పెట్టాడు. బొటనవేలితో తడిమాడు. శవపరీక్ష చేసే డాక్టరు కూడా అంత నిదానంగా చూడడు.

"రెండూ పోయిన నెల ఒకే రోజు వేశాను కదా సార్?"

"అవును."

"కలిసే ఆడతారా?"

"ప్రతి ఆదివారం. ఒకే కోర్టులో, ఒకే వైపు."

మాస్టారు ముందు మా బావమరిది రాకెట్‌ని పైకెత్తాడు. స్ట్రింగ్‌లు నడుమంతా నలిగి, దారాలు లేచి, గుమ్మం ముందు కాళ్లు తుడుచుకునే పట్టాలా ఉన్నాయి. తర్వాత నాది ఎత్తాడు. నడుమ నిగనిగలాడుతోంది. అంచున, ఫ్రేమ్ పక్కన మాత్రం నాలుగు గీతలున్నాయి.

"మీ వాటా కాక్‌లు కూడా ఆయనే కొడుతున్నారు సార్. మీరు అందుకున్నవి అంచుకి తగిలాయి. ఇంకో అడుగు ముందుకెళ్తే మధ్యలో తగిలేవి."

చుట్టూ చూశాను. ఎవరూ లేరు.

"ఈ సంగతి మా బావమరిదికి చెప్పకండి" అన్నాను.

"ఆయనకి తెలుసు సార్. ఏడు నెలల కిందటే చెప్పాను."

"ఏమన్నాడు?"

"'మా బావకి చెప్పకండి మాస్టారూ, ఏదో ఒక స్ట్రింగ్ మార్చి పంపించండి' అన్నారు."

పాఠకులారా, ఏడు నెలలు! తొమ్మిది స్ట్రింగ్‌లు! ప్రపంచంలోని ఇంజినీర్లంతా కలిసి మిల్లీమీటర్లో వందో వంతు వరకూ లెక్కకట్టారు. నలభై తొమ్మిదేళ్ల మనిషికి "కాస్త ముందుకు కదులు బావా" అని ఒక్క మాట చెప్పేవాడు మాత్రం దొరకలేదు. చెప్పే అవసరం లేకుండా గోడ నిండా సామాను తగిలించి పెట్టారు కదా!

అయినా స్ట్రింగ్‌ల మీద నా గౌరవం తగ్గలేదు. నా మనసు నొప్పించకూడదని మా బావమరిది ఏడు నెలలు అబద్ధమాడాడు. వాడి కోసం నేను ఒక్కటి ఆడలేనా? మాస్టారి ముందే ఫోన్ చేశాను.

"ఒరేయ్, నా రాకెట్ గట్టింగ్ ఆదివారానికి అవదట. ఈసారికి నువ్వు ఆ పళ్ల డాక్టరుతో ఆడెయ్."

"అయ్యో" అంటాడనుకున్నాను. "నువ్వు లేకుండానా బావా?" అంటాడనుకున్నాను. దానికి నేనేం చెప్పాలో, ఎలా బతిమాలాలో కూడా సిద్ధం చేసుకున్నాను.

"సరే బావా" అన్నాడు, నా మాట పూర్తి కాకముందే.

కనీసం ఒక్క క్షణం ఆలోచించినట్టు నటించకూడదటండీ?