లకుముకిపై టైలరమ్మ దండయాత్ర

సకల వాహన ధూళి ధూసరితమై, నిరంతర హారన్ నాదోద్ఘోషితమై, ఎందుకు తవ్వారో తవ్వినవారికే గుర్తులేని గోతులతో అలరారు ఒకానొక మహానగరంలో, ఆదివారం నాడు, భానుడు నీళ్ళట్యాంకుల మీదుగా తొంగిచూచి ఇంకా ఎవరూ లేవలేదేమని విసుక్కుంటున్న శుభవేళ, సరిగ్గా ఏడు గంటల పది నిమిషాలకు, మెట్లకింద టైలరమ్మ మెడలో కెమెరా తగిలించుకొని కదనరంగమునకు వెడలెను.

ఎవరీ టైలరమ్మ? మూడంతస్తుల భవనంలో మెట్లకింద, నిటారుగా నిలబడితే నెత్తి బొప్పికట్టే చోట, ముప్పయ్యేళ్ళుగా ఏకచక్రాధిపత్యం నెరపిన మహారాజ్ఞి. ఆ ఏకచక్రం కుట్టుమిషనుది. సూచీశస్త్రధారిణి, కర్తరీహస్త, కొలతటేపు కంఠాభరణ, శతసహస్ర గుండీ ప్రతిష్ఠాపనాచార్య. ఊరందరి భుజాల కొలతలూ ఆమెకు కంఠతా వచ్చు. ఊరు మాత్రం తెలియదు. మెట్లసందులోంచి ఆమెకు కనిపించే ప్రపంచం మోకాళ్ళ దాకానే. ఫలానా మోకాళ్ళు వచ్చాయంటే ఫలానావారు వచ్చారని లెక్క.

అట్టి ఆమెకు ఏడాది కిందట కూతురు తన పాత కెమెరా ఇచ్చి, మహామంత్రోపదేశం చేసింది. "అమ్మా, ఇది నొక్కితే పడుతుంది. ఈ చెత్తబుట్ట బొమ్మ నొక్కితే పోతుంది. అంతే."

అంతే! ఆనాటి నుండి ప్రతి ఆదివారమూ ఆమె దిగ్విజయ యాత్రలే. బస్సుడిపో గోడ పగుల్లో కాసిన టమాటాలను చూసింది. ట్రాఫిక్ దీపం ఎర్రకన్ను మీద గూడు కట్టుకొని, ఆగమన్నా కదలమన్నా పట్టించుకోని పావురాన్ని చూసింది. తన భవనానికే వెనకపక్క పచ్చరంగు తలుపొకటి ఉందని ముప్పయ్యేళ్ళకు తెలుసుకొని, దాని ముందు అరగంట నోరు తెరుచుకొని నిలబడింది.

ఇక సమరకారణం. నగర గ్రంథాలయంలో ఏటా ఊరివాళ్ళు తీసిన ఫోటోలు గోడకు పెడతారు. పోయిన ఏడు ఈమె పదకొండు ఫోటోలిస్తే పదకొండూ మసకగా ఉన్నాయని తిప్పి పంపారు. ఈ ఏడు గడువు ఈ ఆదివారం మధ్యాహ్నం పన్నెండు. అందుచేత ముందునాటి సాయంకాలం, బంధుజన పరివేష్టితమైన హాలులో, ఆమె భీషణ ప్రతిజ్ఞ చేసెను.

"వినుడో గృహవాసులారా! కూరగాయల మార్కెట్టు వెనుక కాలువపై విహరించు ఆ నీలవర్ణ విహంగమును, ఆ లకుముకిపిట్టను, రేపు మధ్యాహ్నములోగా బంధించి గ్రంథాలయ కుడ్యమున నిలుపనిచో, ఈ యంత్రమును విసర్జించి, యావజ్జీవము మోకాళ్ళను వీక్షించుచు బ్రతికెదను గాక!"

ఇది వీరగాథకు తగినట్టు మేము గంజిపెట్టిన పాఠం. ఆమె అన్నది ఇంతే: "ఈసారి నా ఫోటో గోడెక్కకపోతే, కెమెరా అటకెక్కుతుంది. పొద్దున్నే లేచి తిరగడాలూ వద్దు, ఏమీ వద్దు. నా మెట్లకిందికి నేను పోతా."

నవ్వుతూ అన్నది గాని, ఆ రాత్రి నాలుగుసార్లు లేచి కెమెరా చూసుకుంది.

సారథిగా వెంట నడిచినది ఆడపడుచు. రైల్వేస్టేషనులో ఇరవయ్యారేళ్ళు రైళ్ళ రాకపోకలు ప్రకటించి రిటైరైన కంచుకంఠి. ఉప్పు అందించమన్నా మూడుసార్లు ప్రకటిస్తే గాని ఆమెకు తృప్తి ఉండదు.

"పిట్ట వస్తుందంటావా వదినా?"

"వస్తుంది. నువ్వు నోరు మూసుకుంటే."

"నేనేం మాట్లాడాను? నేనేం మాట్లాడాను? నేనేం మాట్లాడానని?"

మార్కెట్టు వెనుకకు చేరేసరికి ఎనిమిదిన్నర. కాలువ ఒడ్డున కూలిన కల్వర్టు నుండి ఇనుపచువ్వ ఒకటి వంగి నీళ్ళపైకి చాచుకొని ఉంది. అదే శత్రుసింహాసనం. సింహాసనం ఖాళీ. రెండు గంటలు కూర్చున్నారు. దోమలు అక్షౌహిణులుగా వచ్చి రక్తతర్పణాలు పుచ్చుకొని పోయాయి. ఈలోగా అరటిపళ్ళ బండివాడు కెమెరాను చూశాడు.

"మేడమ్, నన్నొకటి తియ్యండి."

"పిట్ట కోసం వచ్చామయ్యా."

"పిట్టెక్కడికి పోద్ది? రోజూ ఉండేదే. నేను తల దువ్వుకున్నది ఇవాళే."

టైలరమ్మ కెమెరా వాడివైపు తిప్పింది. వాడు కుడిపక్క నుండి ఒకటి, ఎడమపక్క నుండి ఒకటి, బండి లేకుండా ఒకటి, బండి మీద చెయ్యేసి ఒకటి తీయించుకొని, అన్నిటిలోనూ చెవులు పెద్దవిగా పడ్డాయని అలిగి పోయేసరికి పదకొండు.

అప్పుడు, అహో! ఆకాశపు అంచు చింపి ముక్క విసిరినట్టు, నీలకాంతిచ్ఛటలు చిమ్ముతూ, అరుణోదరంతో, ధూమ్రచంచువుతో, లకుముకిపిట్ట వచ్చి చువ్వ మీద వాలెను. దాని ముక్కు పదహారో నంబరు మిషను సూదిలా సూటిగా ఉంది. టైలరమ్మ ఊపిరి బిగించింది. ఖరీదైన గుడ్డ మీద కత్తెర వేసేముందు బిగించినట్టు. నొక్కింది. తెర మీద చూసుకుంది.

పడింది! మసక లేదు, వంకర లేదు. రెక్క మీద చుక్కలు కూడా లెక్కపెట్టవచ్చు. కంటిలో ఆదివారపు ఎండ మెరుస్తోంది. ముప్పయ్యేళ్ళు సూదిబెజ్జంలోకి చూసిన కళ్ళు ఇంత పట్టగలవని ఆమెకే తెలియదు. ముసిముసిగా నవ్వుకుంది.

సరిగ్గా ఆ క్షణాన పిట్ట కాలువలోకి దూకి, మిలమిలలాడే చేపను కరుచుకొని మళ్ళీ చువ్వెక్కింది. ఆడపడుచు ఆపుకోలేకపోయింది.

"తీసెయ్ వదినా! తీసెయ్! తీసెయ్!"

పాఠకమహాశయులారా, ఇక్కడ ఒక మాట. కుట్టుపనిలో "తీసెయ్" అంటే ఒకటే అర్థం. కుట్టు తప్పింది, విప్పు. ముప్పయ్యేళ్ళుగా ఆ మాట చెవిన పడగానే ఆమె వేళ్ళు బుద్ధిని అడగకుండానే దారం తెంపుతాయి. మొదటి "తీసెయ్"కి వేలు చెత్తబుట్ట బొమ్మ నొక్కింది. నిజంగానే తీసెయ్యాలా అని కెమెరా పాపం మర్యాదగా అడిగింది. రెండో "తీసెయ్"కి అవునని నొక్కింది. మూడో "తీసెయ్"కి పిట్ట చేపతో సహా ఎగిరిపోయింది.

తెర మీద అరటిపళ్ళ బండివాడు చెవులతో సహా నవ్వుతున్నాడు.

"పడిందా వదినా? చేప పడిందా?"

"తీసేశాను."

"అబ్బ! ఏదీ, చూపించు."

"తీసేశానే! నువ్వు తీసెయ్యమన్నావుగా, చెరిపేశాను!"

"తియ్యమన్నాను, తల్లీ! చేప నోట కరుచుకున్న పిట్టని చూపించి ఎవరైనా చెరపమంటారా?"

"తియ్యమంటే తియ్యి అనాలి. తీసెయ్ అంటే పీకెయ్యమనే. కుట్టుకొట్టులో ఎవర్నైనా అడుగు."

"ఇది కుట్టుకొట్టా? కాలువగట్టు!"

తరవాత ఇద్దరూ చెరోవైపు తిరిగి కూర్చున్నారు. పన్నెండుకు ఇరవై నిమిషాలుంది. ఆపై పది నిమిషాలుంది. టైలరమ్మ కెమెరా మూత పెట్టబోతూ, ఒకసారి చువ్వవంక చూసి, మళ్ళీ తీసింది. ఆ ఒక్క చూపుకు ఆడపడుచు గుండె కరిగి కాలువ అయింది. పశ్చాత్తాప దందహ్యమాన మానసయై, చీర కుచ్చెళ్ళు ఎగదోపి, పిట్టను వెతికి తెచ్చే నిశ్చయంతో గట్టు దిగింది. నాలుగడుగులు వేసి తలెత్తితే, కరెంటుతీగ మీద అదే పిట్ట!

"అదుగో! అదుగో!"

మూడో "అదుగో" పూర్తికాలేదు. కుడికాలు మోకాలిదాకా బురదలోకి పోయింది, ఎడమకాలి చెప్పు గాలిలోకి లేచింది, మార్కెట్టు గోడ మీద కూర్చున్నవారు గొల్లుమన్నారు, పిట్ట లేచిపోయింది, టైలరమ్మ వేలు నొక్కింది. ఒకే ఒక్కసారి. మళ్ళీ నొక్కుదామంటే నొక్కడానికి ఆకాశం తప్ప ఏమీ మిగలలేదు.

తెర మీద: సొరంగమంత నోరు తెరిచిన ఆడపడుచు, గాలిలో చెప్పు, వెనుక పొట్టలు పట్టుకున్న జనం. పైన కుడిమూల, నువ్వుగింజంత నీలి గీత.

ఆడపడుచు బురదకాలితో కుంటుకుంటూ వచ్చి చూసి, కెవ్వుమంది. "తీసెయ్ వదినా! నీకు దండం పెడతా, తీసెయ్!"

"తీసేశానమ్మా."

"చెరిపెయ్యమంటున్నా!"

"అట్లా అర్థమయ్యేలా చెప్పు మరి," అంటూనే టైలరమ్మ పరుగందుకుంది. వాయువేగమనోవేగాలతో రెండు వీధులు దాటి, గోతులు లంఘించి, ఆటోలను అదిలించి, పన్నెండుకు రెండు నిమిషాలుందనగా గ్రంథాలయ ద్వారం ఛేదించెను.

గుమాస్తా కెమెరా కార్డును కంప్యూటరులో పెట్టి కళ్ళు చిట్లించి చూశాడు. మొదట భుజాలు కదిలాయి, తరవాత కుర్చీ కదిలింది. నవ్వు ఆపుకొని కళ్ళు తుడుచుకున్నాడు.

"ఫోటో బాగుందమ్మా. ఇంతలా నవ్వుకున్నది ఈ ఏడు ఇదే. కానీ ఈవిడ ఎవరో, ఆవిడ ఒప్పుకోందే గోడకు పెట్టకూడదు. రూలు."

గడియారం ముల్లు పన్నెండుకు ఒక నిమిషం చూపిస్తోంది. టైలరమ్మ ఏమీ అడగలేదు. అడగగలిగిన మనిషే అయితే ముప్పయ్యేళ్ళు మెట్లకింద ఎందుకుంటుంది? తల దించుకొని కెమెరా తాడును వేలికి చుడుతూ, విప్పుతూ నిలబడింది.

వెనుక గుమ్మంలో రొప్పు వినిపించింది. ఒక కాలికి చెప్పు, ఒక కాలికి బురద. ఆడపడుచు వదినను చూసింది, కంప్యూటరులో తన నోటిని తాను చూసుకుంది, కళ్ళు గట్టిగా మూసుకొని తెరిచింది. చదువుకుంటున్న నలభైమందీ ఉలిక్కిపడేలా, ఇరవయ్యారేళ్ళ సర్వీసు గొంతు విప్పింది.

"దయచేసి వినండి! ఆ ఫోటోలో బురదలో దిగబడిన ప్రయాణికురాలిని నేనే! నాకు అభ్యంతరం లేదు! నాకు అభ్యంతరం లేదు!"

మూడోసారి చెప్పబోతుంటే గుమాస్తా చేతులు జోడించి, పన్నెండు కొట్టకముందే ముద్ర గుద్దేశాడు.

జయము! జయము! సూచీశస్త్రధారిణికి విజయము! మోకాళ్ళకు పైన లోకమున్నదని నగరమునకు చాటిన వీరాంగనకు దిగంతాలు దద్దరిల్లు జయము! నేటికిని ఆ చిత్రరాజము నగర గ్రంథాలయ మొదటి అంతస్తున, స్విచ్‌బోర్డుకును నీళ్ళకూజాకును నడుమ విరాజిల్లుచున్నది. దాని కింద గుమాస్తా స్వహస్తాలతో రాసిన చీటీ: "లకుముకిపిట్ట. పైన, కుడి మూల."

దర్శించగోరువారు సోమవారం తప్ప అన్ని దినములలో పది నుండి అయిదు వరకు రావచ్చును. కళ్ళజోళ్ళు ఎవరివి వారే తెచ్చుకోవలెను.