చంద్రుడి ఉండలు తిన్న నకలు

మా ఆవిడ ఫుమియే సూర్యుణ్ణి ఒంటరిగా అస్తమించనివ్వదు. జపాన్‌లో మత్సుయే అనే ఊళ్ళో, షింజి సరస్సు ఒడ్డునే మా ఇల్లు. సాయంత్రమయ్యేసరికి వసారాలో రెండు దిండ్లు వేసి, రెండు కప్పుల టీ పెట్టి, "ఏమండీ, సరస్సు ఎర్రబడుతోంది, రండి" అంటుంది. ఎర్రబడని రోజంటూ ఉంటే కదా నాకు సెలవు దొరికేది.

ఊరికే కూర్చుంటే చాలదు. ఊఁ కొట్టాలి. మా ఊళ్ళో ఊఁ ఒక్క క్షణం ఆలస్యమైతే అలిగినట్టు లెక్క.

"కొంగ వచ్చిందండీ."

"ఊఁ."

"నిన్నటి కొంగే."

"అలాగా."

"కాస్త చిక్కింది పాపం."

"అవునవును, చిక్కింది."

నిన్న అది ఎంత లావుందో నాకేం తెలుసు? నా మనసంతా ఒకుమురా మంగలి షాపులో ఉండేది. ఒకుమురా తలమీద ఒక్క వెంట్రుక లేదు. అందుకే కాబోలు, అతని దగ్గరికి క్షవరానికి వచ్చేవాళ్ళకంటే చదరంగానికి వచ్చేవాళ్ళే ఎక్కువ. నా ముక్కాలి పీట అక్కడ ఖాళీగా ఏడుస్తూ ఉంటే నేనిక్కడ కొంగ ఆరోగ్యం విచారిస్తున్నాను.

అప్పటికే మా వీధిలో నకలు మనుషులు, అంటే అచ్చం యజమానిలాగే ఉండి కదిలే బొమ్మలు, మామూలైపోయారు. వీధి సంఘం సమావేశానికి సగంమంది తమ నకళ్ళనే పంపుతుంటే, తీర్మానాలు చకచకా అయిపోతున్నాయి. పక్కింటి డాక్టరమ్మ అత్తగారిని చూసి రమ్మని తన నకలును పంపితే, అక్కడ తలుపు తీసింది అత్తగారి నకలట. రెండూ సాయంత్రందాకా ఎంతో అన్యోన్యంగా గడిపాయట.

నేనూ ఒకటి కొనితెచ్చాను. అచ్చం నేనే. అదే బట్టతల, అదే బొజ్జ, అదే కొద్దిగా వంకర ముక్కు. నోరుంది గానీ బొజ్జ లోపల కడుపు లేదు. కప్పు పెదాలకు తాకించి దించేస్తుంది. ఊఁ కొట్టడంలో మాత్రం నాకంటే నాలుగాకులు ఎక్కువే చదివింది.

పగలంతా దాన్ని పరుపుల అరలో కూర్చోబెట్టేవాణ్ణి. ఫుమియే "రండి" అనగానే అది వెళ్ళి వసారాలో కూర్చునేది. నేను చెప్పులు చేత్తో పట్టుకుని దొడ్డిదారిన జారుకునేవాణ్ణి. తెలుపు, నలుపు, బంగారం ఏ రంగులోకి తిరిగినా, సరస్సుతో నాకిక పనిలేదు.

కొన్నాళ్ళు స్వర్గం. తర్వాత చూస్తే ఫుమియే కూనిరాగాలు తీస్తోంది. జడలో ఎప్పటిదో తాబేటిచిప్ప దువ్వెన పెట్టుకుంటోంది. వంట చేస్తూ తనలో తనే నవ్వుకుంటోంది.

"ఏమిటంత సంతోషం?" అన్నాను.

"ఏం లేదండీ. ఈమధ్య సాయంత్రాలు బావుంటున్నాయి."

ఆ సాయంత్రాల్లో నేను లేనుగా! మర్నాడు షాపుకని బయల్దేరి, సందు చివరినుంచి వెనక్కొచ్చి, గోడచాటు నుంచి తొంగిచూశాను. సరస్సు మీద పొగమంచు పరుచుకుని, ఏది నీరో ఏది ఆకాశమో తెలియకుండా ఉంది. ఆల్చిప్పలు ఏరే పడవలు గాలిలో తేలుతున్నట్టున్నాయి. ఆ వెలుగులో మా ఆవిడ, నా భుజంలాంటి భుజం మీద తల ఆనించుకుని కూర్చుంది. నా భుజం నాతోపాటు గోడచాటున దోమలు కుట్టించుకుంటోంది.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. అది నకలని చెబుదామా అంటే, నేను రోజూ ఎక్కడికి పోతున్నానో కూడా చెప్పాలి. చెప్పకపోతే నా పెళ్ళాం నా బొమ్మతో కాపరం చేసేలా ఉంది. ఇంతకూ ఆమెకు కావలసింది ఎవరు, నేనా, అదా? అది తేల్చుకోకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

మర్నాడు శరత్కాలపు పున్నమి. నకలును అరలోంచి కదలొద్దని చెప్పి, దాని చోట నేనే కూర్చున్నాను. అంటే, నాలా నటించే దానిలా నటిస్తున్నానన్నమాట. తల తిరిగిపోయింది.

ఫుమియే చంద్రుడి కోసం తెల్లటి బియ్యపు ఉండలు పళ్ళెంలో గోపురంలా పేర్చి తెచ్చింది. పక్కన రెల్లుపూలు. నా పక్కన కూర్చుని, నిదానంగా అంది.

"ఏం నకలూ, బావున్నావా?"

నకలు సంగతి ఆమెకు తెలుసన్నమాట! నోరు మాత్రం అలవాటుగా "ఊఁ" అంది.

"రేపు గుడిలో బొమ్మల వీడ్కోలు ఉంది. నిన్ను కూడా తీసుకెళ్ళి దండం పెట్టి సాగనంపుదామనుకుంటున్నా. ఏమంటావ్?"

"అలాగా," అన్నాను. ఇంకేమంటాను?

చంద్రుడు సరస్సు మీదికొచ్చాడు. నీళ్ళమీద మెత్తటి వెండిదారి మా వసారా మెట్లదాకా వచ్చింది. ఫుమియే దాన్నే చూస్తూ ఉండిపోయింది. నాకేమో దిగులు పుడితే ఆకలేస్తుంది. చెయ్యి దానంతటదే పళ్ళెంలోకి వెళ్ళింది.

పొద్దున వసారాలోనే మెలకువ వచ్చి నేను కళ్ళు నులుముకునేలోపే ఫుమియే నన్ను నకలుగానే సిద్ధం చేసింది. బొజ్జకు బట్ట చుట్టింది, మొహం తుడిచింది, మెడలో ఎర్రదారం కట్టింది. ఇప్పుడు నోరు విప్పితే రాత్రంతా నటించానని ఒప్పుకోవాలి. నేను బిగుసుకుని కూర్చున్నాను.

గుడి ముంగిట్లో పాతబొమ్మలన్నీ వరసగా కూర్చున్నాయి. రాణీబొమ్మలు, యోధులు, ఒక చెవిలేని కుక్కపిల్ల. వాటి మధ్య నేను. మంత్రాలయ్యాక వాటిని మంటకు అప్పగిస్తారు. నకళ్ళను ఏం చేస్తారో ఎవరికీ తెలియదు, ఇంతవరకూ ఎవరూ తేలేదు.

పూజారి నన్ను చూసి కళ్ళజోడు సర్దుకున్నాడు. "అమ్మా, ఇంత పెద్ద బొమ్మ మా గుండంలో పట్టదే."

"మడిస్తే పట్టదా స్వామీ?"

"బొజ్జ దగ్గర మడత పడేలా లేదమ్మా."

నా వీపున చెమట కారింది. బొమ్మకు చెమట పట్టకూడదని ఎంత చెప్పినా వీపు వినలేదు. ఫుమియే నా ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని చేతులు జోడించింది. బొమ్మను సాగనంపేముందు కృతజ్ఞత చెప్పుకోవాలి కదా.

"ఇన్నాళ్ళూ నా పక్కన కూర్చున్నావ్. చాలా సంతోషం," అంది. "నీకొకటి చెప్పాలి. కొంగ వచ్చినా రాకపోయినా నాకేం పట్టదు. పొద్దుగూకుతుంటే నాకెందుకో గుండె బరువెక్కిపోతుంది. చిన్నప్పట్నించీ అంతే. చీకటి పడేదాకా పక్కన ఆయనుంటే తగ్గిపోతుంది. ఆ మాట ఆయనకెప్పుడూ చెప్పలేదు. చెబితే జాలిపడి కూర్చుంటారు. నాకు జాలి వద్దు. అందుకే కొంగ గురించి చెప్పేదాన్ని."

మంట చిటపటలాడింది. పొగలో బొమ్మల మొహాలన్నీ నావైపే తిరిగినట్టనిపించింది. ఇన్నేళ్ళు ఆ వసారాలో కూర్చుని నేను విన్నది కొంగ గురించే. నా కళ్ళు నిండి, చెంపల మీదుగా బొటబొటా కారాయి.

"ఇదేమిటమ్మా?" అన్నాడు పూజారి.

"కొత్తరకం స్వామీ. కారుతోంది," అంటూ ఫుమియే తన చేతిరుమాలుతో నా చెంపలు తుడిచింది.

"ఫుమియే, నేనే," అన్నాను.

"తెలుసు."

"ఎప్పట్నించి?"

"రాత్రి చంద్రుడి ఉండలు సగానికి తగ్గాయి. కడుపులేని దానికి అంత ఆకలెక్కడిది?"

"మరి అది నకలని నీకు ముందే ఎలా తెలిసింది?"

"మొదటి సాయంత్రమే తెలిసింది. అది వింటోంది కదండీ," అంది.

పూజారి గట్టిగా దగ్గి చెవిలేని కుక్కపిల్ల వైపు వెళ్ళిపోయాడు. నేను మెడలో ఎర్రదారం విప్పబోతే ఫుమియే చెయ్యి పట్టుకుంది. "ఉండనివ్వండి, బావుంది."

ఇంటికెళ్ళి పరుపుల అర తెరిచాను. ఖాళీ.

"అదేది?"

"పొద్దున్నే మంగలి షాపుకు పంపాను. అక్కడ మీ పీట ఖాళీగా ఉంటే మీకు బాధ కదా."

ఆ సాయంత్రం సరస్సు ఎర్రబడింది. ఆమె పిలవకముందే వెళ్ళి కూర్చున్నాను. ఫుమియే తల నా భుజం మీద ఆనింది. ఇది నా సొంత భుజమే. నీళ్ళమీద వెలుగు మెల్లగా రోజారంగై, ఊదాయై, మమ్మల్నిద్దర్నీ ఎటో తీసుకుపోతున్నట్టుంది. చీకటి పడేదాకా లేవకూడదని నాలో నేను అనుకున్నాను.

సరిగ్గా అప్పుడు ఒకుమురా సైకిలు మా వాకిట్లో ఆగింది.

"చెల్లెమ్మా, మీ ఇంట్లో నకలుందని వీధంతా అంటున్నారు, ఇదేనా అది? అచ్చం మావాడిలాగే ఉందే. కాకపోతే కాస్త తెలివితక్కువ మొహం."

ఫుమియే నావైపు చూడలేదు. "ఇదేనన్నయ్యా."

"మీ ఆయన ఇనగాకి ఇవాళ మా షాపులో ఏం ఆడాడనుకున్నావ్. అందర్నీ చిత్తు చేశాడు. పైగా నోరెత్తి ఒక్క గొప్పా చెప్పుకోలేదు. ఇన్నేళ్ళకు మనిషయ్యాడు."

"అయితే రోజూ అక్కడికే పంపుతాను లెండి," అంది ఫుమియే.

నేను నోరు తెరిచాను. ఫుమియే వేళ్ళు నా వేళ్ళను గట్టిగా పట్టుకున్నాయి. ఒకుమురా సైకిలు దిగకుండా నా బట్టతలను ఆప్యాయంగా ఒకసారి తట్టి, వెళ్ళిపోయాడు.

"కొంగ వచ్చిందండీ," అంది ఫుమియే.

చూశాను. నిజంగానే కాస్త చిక్కింది.

"ఊఁ," అన్నాను.