ఆటోకు కట్టిన పారాచూట్

పొద్దున్నే సిద్దిపేట నుంచి బయలుదేరి, ఎండ ముదరకముందే మర్కూక్ దగ్గర సారయ్య మామిడితోటలో టెంటు వేసేయాలి. టెంట్‌హౌస్ నడిపే సర్వర్ ఆ రోజుకు పెట్టుకున్న పని అంతే. సారయ్య మనవడికి పుట్టెంట్రుకల దావత్. పోయినసారి టెంటు ఆలస్యమైనందుకు, ఈసారీ అట్లాగే చేస్తే తన చిన్నకూతురి పెళ్లి టెంటు ఇంకొకరికి ఇస్తానని సారయ్య మొహం మీదే చెప్పేశాడు. సర్వర్ ఆశలన్నీ ఆ పెళ్లి మీదే ఉన్నాయి.

అయితే సర్వర్‌కు ఏదైనా తెలుసుకోవాలనిపించిందంటే ముద్ద దిగదు. ఈ మధ్య ఫోన్‌లో యుద్ధవిమానాలు దిగడం చూస్తున్నాడు. ట్రాలీ ఆటో నడుపుతూనే, పక్కన కూర్చున్న పనివాడు భూమయ్యకు అంతా విడమరిచి చెప్పాడు. అంత వేగంతో దిగే విమానాన్ని చక్రాల బ్రేకులతోనే ఆపబోతే అవి కాలిపోతాయట, టైర్లు పేలిపోతాయట. అందుకే కొన్ని విమానాలు నేలను తాకగానే తోక నుంచి పారాచూట్ వదులుతాయి. గాలి పట్టి వేగం తగ్గాకే చక్రాల బ్రేకుల వంతు. అవి కూడా మొండిగా పట్టి కూర్చోవు, చక్రం జారబోతే క్షణం వదిలి మళ్లీ పట్టుకుంటాయి.

"మన షామియానా గుడ్డ ఆటోను ఆపుతదా భూమన్నా?"

ఆ మాటతో భూమయ్యను కూడా అదే పురుగు తొలిచింది.

మర్కూక్ దగ్గరపడగా, కొండపోచమ్మ సాగర్ జలాశయం కట్ట కింద రోడ్డు ఖాళీగా కనిపించింది. భూమయ్య గుడ్డ మూలలకు తాళ్లు వేసి, ఆటో వెనక బిగించి, తానూ వెనకే కూర్చున్నాడు. సర్వర్ వేగం అందుకుని కేకేయగానే వదిలాడు. గుడ్డ దభాలున విచ్చుకుంది. బ్రేకు మీద కాలు పెట్టకుండానే ఆటో ఆగింది. సర్వర్ ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

ఆటో ఆగింది గానీ గాలి ఆగలేదు. ఎదురుగాలికి గుడ్డ ఇంకా ఉబ్బి, ఆటోను వెనక్కి లాక్కుపోవడం మొదలుపెట్టింది. బ్రేకు తొక్కితే చక్రాలు కంకర మీద జారాయి.

"తాడు ఇప్పు భూమన్నా."

"గది టెంటు ముడి భాయ్. గట్ల ఊడితే పందిరి నిలుస్తదా?"

విమానంలో పారాచూట్‌ను ఊడదీసి వదిలేసే ఏర్పాటు కూడా ఉంటుందని సర్వర్‌కు అప్పుడు గుర్తొచ్చింది. ఈలోగా ఆటో పక్కన బీడులోకి దిగింది. గుడ్డ రెండు వేపచెట్ల కొమ్మలకు చిక్కుకుని, ఆటో దాకా పందిరిలా పరుచుకుంది.

ముడులతో కుస్తీ పడుతుండగానే పొద్దెక్కి, సారయ్య చుట్టాలు దిగారు. ఆ ఊళ్లలో దావత్‌కు వచ్చినవాళ్లు దారి అడగరు, టెంటు కనిపించిన చోట దిగిపోతారు. దావత్ ఇక్కడ కాదని సర్వర్ మొత్తుకున్నా, ఒక పెద్దావిడ ఆటోలోంచి జంపఖానాలు దింపించి పరిపించేసింది. వాళ్లను చూసి మిగతావాళ్లు దిగారు, జనాన్ని చూసి బగారా అన్నం వ్యాను వచ్చి ఆగింది. పెళ్లి టెంటు చేజారినట్టేనని సర్వర్‌కు ఏడుపొక్కటే తక్కువైంది.

ఖాళీ తోటలో చూసి చూసి, మనవణ్ణి చంకనేసుకుని సారయ్య వచ్చాడు. సర్వర్ తల వంచుకుని జరిగిందంతా దాచకుండా చెప్పేశాడు. సారయ్య నోరు తెరిచేలోపు వియ్యంకుడు విస్తరి ముందు నుంచే పలకరించాడు.

"గింత సల్లటి జాగ ఎట్ల దొర్కిచ్చినవ్ బావా? తోటల అయితే గాలాడక ఉడికిపోతుంటిమి."

సారయ్య కోపం దిగమింగుకున్నాడు. చంకలో పిల్లవాడు చల్లగాలికి అప్పటికే నిద్రపోయాడు.

"బిడ్డ లగ్గానికి టెంటు నువ్వే ఎయ్యాలె సర్వర్. సామాను మాత్రం నా ట్రాక్టర్ల నేనే తెచ్చుకుంట."

సర్వర్ కళ్లు తుడుచుకుని, ట్రాక్టరుకు బ్రేకు పెడళ్లు రెండెందుకుంటాయని అడిగాడు.