లక్ష్మణమ్మ నవ్వదు

మా ఆవిడ నవ్విందండీ. మీకది చిన్న విషయంలా ఉండొచ్చు, నాకు కాదు. నేను శ్రీకాకుళంలో మైకు పట్టుకుని జనాన్ని నవ్వించడం మొదలుపెట్టేనాటికి దాన్ని స్టాండప్ కామెడీ అంటారని కూడా ఎవరికీ తెలియదు. "ధనరాజు వాగుడు" అనేవారు. రాజాం పెళ్లిళ్లలో అలిగి కూర్చున్న మగపెళ్లివారిని కూడా నవ్వించాను. మా లక్ష్మణమ్మని మాత్రం నవ్వించలేకపోయాను. బజారులో చేపలమ్ముతుంది. నేను జోకు చెప్పగానే, చేప తాజాదో కాదో మొప్ప ఎత్తి చూసినట్టు నా మొహంలోకి చూసి "నిన్నటిది" అనేస్తుంది.

అలాంటి మనిషి ఓ ఆదివారం మధ్యాహ్నం పెరటి అరుగు మీద పడీపడీ నవ్వుతోంది. నేను గుమ్మంలో అడుగు పెట్టగానే నవ్వు ఠక్కున ఆగిపోయింది. పెరటి తలుపు దడాలున పడింది.

"ఏటే ఆ నవ్వు?"

"దగ్గు."

"దగ్గు అలగుంటాదేటి?"

"నీ జోకులు ఇనీ ఇనీ దగ్గు కూడా అలగైపోనాది మావా."

అనుమానం నన్ను పట్టుకుంది.

ఆదివారం సాయంత్రాలు ఓ హోటలు మేడ మీద కొత్తవాళ్ల చేత కామెడీ చేయిస్తుంటాను. మైకు నాది, టీ నాది, చప్పట్లు కూడా ముందు నావే. సెల్లు రిపేరు చేసే బాబీ, బట్టల కొట్టులో లెక్కలు చూసే అరుణశ్రీ ఈమధ్య హాలు దద్దరిల్లేలా నవ్విస్తున్నారు. అంతా నా శిక్షణేనని ఊరంతా చెప్పుకున్నాను.

ఆ సాయంత్రం బాబీ చొక్కా దగ్గర మా ఇంటి చేపల పులుసు వాసన వేసింది.

"బస్సులో పక్కనెవరో చేపల బుట్ట ఎట్టినారు గురువుగారూ."

అరుణశ్రీ చున్నీ దగ్గరా అదే వాసన. ఆ అమ్మాయి కూడా బుట్టే అంది. తీరా తను వచ్చింది ఆటోలో.

మరుసటి ఆదివారం ఎత్తు వేశాను.

"ఆమదాలవలస ఎళ్తన్నానే. రైలుకి ఓ పెద్ద కమెడియన్ వస్తన్నాడు."

"ఎళ్లు మావా. నెమ్మదిగా రా."

వెళ్లనివ్వడమే వింత, పైగా నెమ్మదిగా రమ్మంటోంది! వీధి చివరిదాకా వెళ్లి, వెనక్కొచ్చి, పెరటి గోడ దూకి చేపల టబ్బుల వెనక నక్కాను. ఆ టబ్బుల కోసమే పేటలో పిల్లులన్నీ కాపు కాస్తాయని మరిచిపోయాను. ఒకటొచ్చి ఎదురుగా కూర్చుంది. తర్వాత దాని చుట్టాలొచ్చాయి.

ఇంతలో అరుగు మీద బాబీ గొంతు వినిపించింది. తన అత్తగారి ఫోను గురించి ఏదో జోకు చెప్పాడు.

"మొప్ప తెల్లబడిపోనాది. అవతల పారెయ్," అంది లక్ష్మణమ్మ. "నువ్వు సెప్పే అరుణా."

అదా సంగతి! నా శిష్యులు జోకులు ముందు మా ఆవిడకి చూపించుకుంటున్నారు. నాకు నిజంగానే బాధేసింది.

"మా గురువుగారు జోకు చెప్పాక జనం నవ్వకపోతే మైకు పాడయిందంటారు," అని మొదలెట్టింది అరుణశ్రీ. "మైకు మార్చినాం. కరెంటు లోపం అన్నారు. జనరేటరు తెచ్చినాం. ఇప్పుడు జనాన్ని మార్చమంటన్నారు."

లక్ష్మణమ్మ విరగబడి నవ్వింది. ఖర్మ, నేనూ నవ్వేశాను. టబ్బు దొర్లింది.

"ఆమదాలవలస రైలు మన పెరట్లోకొచ్చిందేటి మావా?"

లేచి నిలబడ్డాను. "నేర్పేది నేనైతే దీని దగ్గరికెందుకర్రా?"

అరుణశ్రీ తల దించుకుంది. "మీరు అన్నిటికీ బాగుందంటారు గురువుగారూ. లక్ష్మణమ్మత్త నవ్విందంటే ఊరంతా నవ్వుతాది."

ఇక అసలు బాధ బయటపడిపోయింది. "మరి నా జోకుకి ఒక్కసారైనా నవ్వలేదేటే?"

"ఎందుకు నవ్వనేదు? పెళ్లైన కొత్తలో ఓసారి నవ్వినాను. అప్పట్నించీ ఆ జోకు ప్రతి పెళ్లిలోనూ, పేరంటంలోనూ సెప్తానే ఉన్నావు. ఇంకోపాలి నవ్వితే రెండూ ఇనాల కదా!"

పోనీ పరువుగానైనా వెళ్దామని గుమ్మం వైపు నడిచాను. నా పంచె నిండా చేపల నీళ్లు. పిల్లులన్నీ వరసకట్టి నా వెనకే వచ్చాయి.

అప్పుడు నవ్విందండీ. నన్ను చూసి, నా మొహం మీదే, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. నాకెంత సంతోషమేసిందో! ఆ తర్వాత గుర్తొచ్చి చేత్తో నోరు మూసుకుంది, కానీ ఆలస్యమైపోయింది.

"సచ్చాను. ఇంక జన్మంతా ఈ పిల్లుల కథ ఇనాల," అంది.

ఇది నేనందరికీ చెప్తానన్నది ఉత్తదే. అన్నట్టు, మీకిది ఇంతకుముందు చెప్పానా?